లద్దాఖ్ ప్యాకేజీ తీసుకునేవాళ్లు జాగ్రత్త: మాకు ఇచ్చింది ఖాళీ ఆక్సిజన్ సిలిండర్

లేహ్ నుంచి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసు ఇంకా విప్పలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, అది తగ్గేలా లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. అక్కడక్కడా గందరగోళంగా ఉంటే సర్దుకోండి.

ఏజెన్సీ పేరు రాయను. లద్దాఖ్ గురించి ఒక్కసారి వెతికినా చాలు, వాళ్ల రీల్స్ మీ ఫోన్లోకి వచ్చేసి ఉంటాయి. నీలంగా సరస్సు, ఒడ్డున టెంటు, వెనక నుంచి తియ్యటి తెలుగులో వ్యాఖ్యానం. ఆ తెలుగే నా కొంప ముంచింది. మా ఆయన మొదట్నుంచీ "లేహ్‌లో దిగాక అక్కడే టాక్సీ మాట్లాడుకుందాం, యూనియన్ వాళ్ల రేట్లు ఫిక్స్‌డే కదా" అంటూనే ఉన్నారు. అత్తయ్య కూడా వస్తున్నారు, ఏదైనా అయితే మన భాషలో పలికే మనిషి ఒకడుండాలి అని నేనే వాదించాను. వాదించి గెలిచాను. గెలిచినందుకు మనిషికి 27,500 చొప్పున ముగ్గురికీ కట్టాను. విమానం టికెట్లు అదనం.

డబ్బు కట్టేదాకా ఏజెన్సీ అబ్బాయి రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవాడు. మాటకు ముందొక అక్కా, మాట తర్వాత ఇంకొక అక్కా. అత్తయ్యకు 64 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు అని చెబితే "మా అమ్మనైతే ఎలా తీసుకెళ్తానో ఆంటీని అలా తీసుకెళ్తా అక్కా, బండిలోనే ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, అస్సలు టెన్షన్ పడకండి" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఒప్పుకున్న ప్లాన్ ఇదీ. మొదటి రెండు రాత్రులు లేహ్‌లో పూర్తి విశ్రాంతి, తర్వాత నుబ్రా లోయలో హుందర్ అనే ఊరు, ఆ తర్వాతే పాంగాంగ్ సరస్సు. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. లేహే దాదాపు 11,500 అడుగుల ఎత్తు. విమానంలో నేరుగా దిగితే శరీరానికి సర్దుకునే టైమే ఉండదు. నుబ్రాకి వెళ్లేటప్పుడు ఖార్దుంగ్ లా కనుమ ఎక్కి దిగాలి, నిజమే, కానీ రాత్రి పడుకునే హుందర్ లేహ్ కంటే కిందే ఉంటుంది. పాంగాంగ్ అలా కాదు, 14,000 అడుగుల దగ్గర పడుకోవాలి. దాన్ని ఎంత వెనక్కి జరిపితే అంత మంచిది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. చదివాను, నోట్స్ కూడా రాసుకున్నాను. తెలిసి కూడా మోసపోయాను చూడండి, అదీ నా తెలివి.

మొదటి రోజు లేహ్‌లో బాగానే గడిచింది. రాత్రి తొమ్మిదికి హోటల్ రిసెప్షన్‌కి ఫోన్ వచ్చింది. "రేపు పొద్దున్నే 7కి రెడీగా ఉండండి, పాంగాంగ్ వెళ్తున్నారు." అదేంటి, రెండు రాత్రులన్నారు కదా అంటే హుందర్‌లో రూములు లేవట, పాంగాంగ్‌లో రేపే టెంట్లు దొరికాయట, అందుకని "చిన్న అడ్జస్ట్‌మెంట్ అక్కా" అట. అడ్వాన్సే కాదు, మొత్తం కట్టేసి ఉన్నాం. మా ఆయన నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. సరే అన్నాను. ఈ పోస్టులో నన్ను నేను క్షమించుకోలేని మాట ఏదైనా ఉందంటే ఆ 'సరే'నే.

పొద్దున వచ్చింది మాకు ప్రత్యేకంగా అన్న ఇన్నోవా కాదు, టెంపో ట్రావెలర్. అందులో అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లు శ్రీనగర్, కార్గిల్ మీదుగా రోడ్డున నాలుగు రోజులు ఆగుతూ ఆగుతూ వచ్చినవాళ్లు. ఎత్తుకి అలవాటుపడ్డారు, పాటలు పాడుకుంటున్నారు. ఖాళీగా ఉన్న మూడు సీట్లలో మమ్మల్ని పడేశారన్నమాట. విషయం అప్పుడు అర్థమైంది. హుందర్‌లో రూములు దొరక్కపోవడం కాదు, అసలు మా పేరున ఎవరూ అడగనే లేదు. తర్వాత హుందర్‌లో ఆ హోటల్‌కే ఫోన్ చేసి కనుక్కున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నా.

సిలిండర్ ఉందా అని డ్రైవర్‌ని అడిగాను. వెనక సీటు కింద నల్ల గుడ్డ సంచిలో ఉన్నదాన్ని చూపించాడు. చూసి తల ఊపాను. ఇంటికి గ్యాస్ బండ వస్తే సీలు చూస్తాను, ఎత్తి బరువు చూస్తాను, వాసన చూస్తాను. ఇక్కడ సంచి జిప్పు కూడా తీయలేదు.

పాంగాంగ్ దారిలో చాంగ్ లా కనుమ దగ్గర, అంటే 17,500 అడుగుల పైన, అత్తయ్య తలనొప్పి అన్నారు. అందరికీ ఉంటుంది కదా అనుకున్నాం. సరస్సు ఒడ్డున స్పాంగ్మిక్‌లో టెంటు చేరేసరికి రెండుసార్లు వాంతి. అన్నం ముట్టలేదు. రాత్రి పదిన్నరకి జనరేటర్ ఆపేశారు, కరెంటు పోయింది. బయట చలి, లోపల ఫోన్ టార్చి. పన్నెండు దాటాక చూస్తే ఆవిడ పడుకోలేక మంచం మీద కూర్చుని ఊపిరి ఎగబీలుస్తున్నారు. కూర్చుని ఉన్న మనిషికి ఆయాసం! పైగా నాతో "నాకేం కాలేదమ్మాయ్, మీరు పడుకోండి" అంటారు.

మా ఆయన పరుగెత్తి డ్రైవర్‌ని లేపి సిలిండర్ తెచ్చారు. మాస్క్ పెట్టాం. నాబ్ తిప్పాం. శబ్దం లేదు. ఇంకాస్త తిప్పాం. టార్చి వేసి మీటర్ చూస్తే ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. అద్దం మీద దుమ్ము కూడా చెరగలేదు, ఎన్నాళ్లుగా ఎవరూ ముట్టుకోలేదో! అత్తయ్య మాస్క్‌లోంచి నా వైపు చూస్తూ "వస్తోందా?" అన్నారు. ఆ మొహం నాకు ఇప్పటికీ నిద్రలో కనిపిస్తోంది.

మా ఫోన్లలో రెండు ప్రీపెయిడ్ సిమ్‌లు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ లద్దాఖ్‌లో పనిచేయదు. మా ఆయనది పోస్ట్‌పెయిడే కానీ టెంట్ల దగ్గర సిగ్నల్ లేదు. డ్రైవర్ ఫోన్లోంచి ఆ అబ్బాయికి చేశాను. మూడోసారికి ఎత్తాడు. జరిగింది జరిగినట్టు తెలుగులో వాడికి మాట మాటా వినిపించాను.

వాడన్నది రాస్తున్నా, ఒక్క అక్షరం కలపలేదు: "సిలిండర్ ఇస్తామన్నాం, ఇచ్చాం కదా మేడమ్. ముందు బ్యాచ్ వాళ్లు వాడేసి ఉంటారు."

అక్క పోయి మేడమ్ వచ్చింది.

సరే, బండి ఇవ్వు, కిందికి తీసుకెళ్తాం అన్నాను. "నైట్ డ్రైవ్ ప్యాకేజీలో లేదు. 8,000 ఎక్స్‌ట్రా అవుతుంది, ముందు ఫోన్‌పే చేయండి, నేను డ్రైవర్‌కి చెప్తా." నెట్ లేదయ్యా, ఈ ఫోన్ కూడా నీ డ్రైవర్‌దే అంటే, "మరి నేనేం చేయను మేడమ్, ప్లాన్ మారొచ్చు అని కండిషన్స్‌లో ఉంది, చదవకుండా ఒప్పుకుంటే ఎలా" అన్నాడు. వెనక టీవీ శబ్దం వినిపిస్తోంది. మా అమ్మనైతే అన్నవాడు. నేను "మీ అమ్మ ఇక్కడ ఉండి ఉంటే..." అని మొదలుపెట్టానో లేదో, పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

మమ్మల్ని కాపాడింది ఆ డ్రైవర్. లద్దాఖీ అబ్బాయి, పాతికేళ్లు కూడా ఉండవు. మాటలన్నీ అర్థం కాలేదు గానీ నా మొహం చూసి విషయం గ్రహించాడు. "పైసా ఛోడో, నీచే చలో" అని బండి స్టార్ట్ చేశాడు. వాడి ఓనర్ వాణ్ని ఏమన్నాడో నాకు తెలియదు. మేం చేతిలో పెట్టబోయిన డబ్బు కూడా తీసుకోలేదు.

ఇక్కడ ఇంకో మెలిక. పాంగాంగ్ నుంచి లేహ్‌కి దిగాలంటే ముందు మళ్లీ చాంగ్ లా ఎక్కాలి. ఊపిరాడని మనిషిని రాత్రి పూట 17,500 అడుగులకి తీసుకెళ్లడమంటే ఏమిటో ఆలోచించండి. డ్రైవర్ అటు పోలేదు. కనుమకి ఇవతలే, సరస్సు కంటే కాస్త కిందున్న తాంగ్‌త్సేకి తీసుకెళ్లాడు. అక్కడి ఆరోగ్య కేంద్రంలో నిద్రలేచి వచ్చి ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్ చేశారు. గంటకి అత్తయ్య పెదాల నీలం తగ్గింది. తెల్లారాక ఆక్సిజన్ మీదే కనుమ దాటించి లేహ్‌లో పెద్దాసుపత్రికి చేర్చాం. రెండు రోజులు ఉంచారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైందట. "దింపడం ఇంకాస్త ఆలస్యమైతే" అని డాక్టర్ గారు ఆగిపోయారు. మేమూ అడగలేదు.

తిరిగొచ్చాక వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ మీటర్ ఫొటో పెట్టాను. రెండు నిమిషాల్లో గ్రూపులోంచి తీసేశారు. రీఫండ్ అడిగితే, తర్వాతి ట్రిప్‌లో 2,000 తగ్గిస్తాం అని మెసేజ్. తర్వాతి ట్రిప్పట! వాళ్ల రివ్యూలు ఇప్పుడు కూర్చుని చదివితే అయిదు స్టార్లవి సగానికి పైగా ఒకే వారంలో పడ్డాయి. ఇది కట్టకముందు చూడాల్సిన పని. నేను రీల్స్ చూస్తూ కూర్చున్నాను.

వెళ్లేవాళ్లకి నాకు తోచింది చెబుతాను. విమానంలో వెళ్తే లేహ్‌లో కనీసం రెండు రాత్రులు, పెద్దవాళ్లుంటే మూడు. ఎవరేం చెప్పినా కదలొద్దు. 10,000 అడుగులు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదంటారు. లేహ్ నుంచి నేరుగా పాంగాంగ్ అంటే 700 పైనే. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్రలు మేమూ వేసుకున్నాం, మా డాక్టర్‌ని అడిగే. అది ఉంది కదా అని ధీమా వద్దు. తలనొప్పి మీద వాంతి, తూలుడు, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే మందుల కోసం చూడకుండా దిగిపోవాలి. సిలిండర్ మీటర్ చూడండి, ఒకసారి తిప్పి శబ్దం వినండి. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఒకటైనా ఉండాలి. మొత్తం డబ్బు ముందే కట్టొద్దు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో హోటల్ పేర్లతో రాయించుకుని, ఆ హోటళ్లకి మీరే ఫోన్ చేయండి.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు ఇచ్చాను. మా ఆయన ఇప్పటిదాకా "నేను చెప్పాను కదా" అనలేదు. అన్నా బాగుండేది.

నిన్న భోజనాల దగ్గర అత్తయ్య "ఆ రెండు మూపురాల ఒంటెల్ని చూడకుండానే వచ్చేశాం కదే" అన్నారు. నుబ్రాలో ఉంటాయి అవి, హుందర్ ఇసుకలో. ఆవిడ ప్రయాణమంతా వాటి గురించే అడిగారు.

పేరు చెప్పమని మెసేజ్‌లు పెట్టకండి, ఫిర్యాదు తేలేదాకా చెప్పను. ఫోన్‌లో మీ పేరు కూడా అడక్కుండానే ఎవడైనా అక్కా అంటే మాత్రం, బహుశా వాడే.