ఎస్సెస్సాట్ మళ్లీ రాయించాలా, ఇంటర్వ్యూ మీద పడాలా: ఏది మేలు?

నవంబర్ చివర్లో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా బావమరిది ఫోన్. "బావా, పాపకి ఎస్సెస్సాట్‌లో 84 వచ్చింది. డిసెంబర్‌లో ఇంకోసారి రాయించమంటావా? అసలు ఎక్సెటర్‌కి కటాఫ్ ఎంత?"

పాప ఎనిమిదో తరగతి. తొమ్మిదిలో చేరడానికి అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్లకి అప్లై చేస్తోంది. ఎక్సెటర్ వాటిలో ఒకటి, ఇలాంటి ప్రైవేటు స్కూళ్ల ప్రవేశ పరీక్షే ఎస్సెస్సాట్ (SSAT). రెండేళ్ల కిందట మా వాడితో మేమూ ఈ తతంగం అంతా పడ్డాం కాబట్టి నన్ను అడిగాడు. చాలా స్కూళ్లకి గడువు జనవరి మధ్యలో. అంటే ఉన్నవి ఆరేడు వారాలు. వాటిని దేనికి ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

ముందు ఆ 84 సంగతి. అది మార్కు కాదు, పర్సంటైల్, అంటే నూటికి ఎంతమంది కన్నా ముందుందో చెప్పే అంకె. అమెరికాలోని పిల్లలందరితో పోల్చి ఇచ్చిందీ కాదు. గత మూడేళ్లలో అదే తరగతిలో ఉండి ఈ పరీక్ష మొదటిసారి రాసినవాళ్లతో పోల్చి ఇచ్చింది. వాళ్లంతా ప్రైవేటు స్కూలు కోసం బరిలో దిగినవాళ్లే. బడి పరీక్షల్లో ఎప్పుడూ 98, 99 చూసిన ఇంట్లో 84 అనేసరికి గుండె జారుతుంది. మా వాడి మొదటి స్కోరు చూసి మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పరీక్ష నేనే రాసినట్టు.

మళ్లీ రాస్తే పెరుగుతుందా? ఎక్కడ పోయిందన్న దాన్నిబట్టి. మా వాడు రాసిన అప్పర్ లెవెల్‌లో (ఎనిమిది, ఆపై తరగతుల పిల్లలు రాసేది) లెక్కలు, రీడింగ్, వెర్బల్ అని మూడు భాగాలు, ఒక్కోటి 500 నుంచి 800 దాకా. తప్పు రాస్తే పావు మార్కు కోత. జేఈఈ మెయిన్‌లోనూ లెక్క అదే, నాలుగు తప్పులకి ఒక ఒప్పు పోతుంది. కాకపోతే ఇక్కడ ఐదు ఆప్షన్లు. గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కటి కచ్చితంగా కాదని తెలిసినా సరే, మిగతావాటిలో ఏదో ఒకటి పెట్టెయ్యడమే మేలు. ఇలాంటివి వారంలో నేర్పొచ్చు. వెర్బల్ మాత్రం అలా కుదరదు. 30 నిమిషాల్లో 60 ప్రశ్నలు, సగం పర్యాయపదాలు, సగం పదాల మధ్య పోలికలు. చిన్నప్పటినుంచీ కథల పుస్తకాలు నమిలేసిన పిల్లలకి అది ఆట, మిగతావాళ్లకి ఎన్ని ఫ్లాష్‌కార్డులు తిప్పినా వచ్చేది కొంతే. పాపకి లెక్కలు 90 దాటాయి, పోయిందంతా వెర్బల్‌లోనే.

ఇక రెండో దారి. ఇంటర్వ్యూలో అడ్మిషన్స్ వాళ్లు పిల్లతో విడిగా అరగంట దాకా కూర్చుంటారు, తర్వాత తల్లిదండ్రులతో కాసేపు. అదేదో మర్యాద కోసం జరిగే పలకరింపు అనుకుంటాం మనం. కానీ ఎక్సెటర్ తరగతి గది ఎలా ఉంటుందో తెలిస్తే దాని బరువు అర్థమవుతుంది. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ ఇచ్చిన విరాళంతో అక్కడ బెంచీల వరసలు పోయి కోడిగుడ్డు ఆకారపు పెద్ద బల్లలు వచ్చాయి. చుట్టూ డజను మంది పిల్లలు, వాళ్లలో ఒకరిగా టీచరు. లెక్కల క్లాసైనా అంతే, పాఠం నడిచేది పిల్లల మాటల మీద. 97 పర్సంటైల్ తెచ్చుకుని నోరు విప్పని పిల్లవాడితో ఆ బల్లకి ఏం ఉపయోగం? పైగా వీళ్లు అక్కడే పడుకుని, అక్కడే తిని, అక్కడే పెరగాలి. స్కోరు చూసేది చదువు తట్టుకుంటుందా లేదా అని. తట్టుకుంటుందని తేలాక 84కీ 90కీ మధ్య వాళ్లకి కనిపించే తేడా తక్కువ. మార్కుల జాబితా, ఇంగ్లీషు, లెక్కల టీచర్లు రాసే ఉత్తరాలు, పాప రాసే వ్యాసాలు అప్పుడు మాట్లాడతాయి.

మన బుర్రలోంచి ర్యాంకు పోదు, అదీ చిక్కు. ర్యాంకు బాగుంటే ఫీజు తగ్గిస్తామనే కాలేజీల మధ్య పెరిగాం మనం. ఎక్సెటర్ గానీ, అలాంటిదే అయిన ఆండోవర్ గానీ ఆర్థిక సాయం ఇచ్చేది ఇంటి ఆదాయం చూసి, పర్సంటైల్ చూసి కాదు. ఇంకో పది పర్సంటైల్ పెరిగినా మా బావమరిది కట్టేది అంతే.

"పోనీ ఐఎస్‌ఈఈ రాయిద్దామా?" అన్నాడు. ప్రైవేటు స్కూళ్లు తీసుకునే ఇంకో ప్రవేశ పరీక్ష అది. అందులో తప్పులకి కోత లేదు, నిజమే. కానీ ఒక సీజన్‌కి ఒక్కసారే రాయనిస్తారు, పద్ధతీ వేరు, ఈ టైములో కొత్తది మొదలుపెట్టడం దండగ. స్కోరు తప్పనిసరి కాని స్కూళ్లు కూడా ఉన్నాయి, కోవిడ్ ఏడాది చాలామంది సడలించారు, కొందరు అలాగే ఉంచారు. అలాంటి చోట 84 పంపాలా వద్దా? ఆ స్కూలు ప్రకటించే సగటు చూసుకుని, దానికి దగ్గరలో ఉంటే పంపమన్నాను.

చివరికి నేను చెప్పింది ఇది: పరీక్ష వదిలెయ్. రోజూ రాత్రి అన్నాల దగ్గర పాపని ఏదో ఒకటి అడుగు, అడిగాక మధ్యలో దూరకు. నువ్వు దూరతావు, నాకు తెలుసు. వ్యాసాలు తననే రాయనీ.

ఇదే ఫోన్ హైదరాబాద్ నుంచి వచ్చుంటే మాత్రం మళ్లీ రాయించమనే చెప్పేవాణ్ణి. ఎడిసన్ బడిలో 'ఏ' (A) గ్రేడ్ అంటే ఎంతో ఎక్సెటర్ ఉన్న న్యూ హాంప్‌షైర్‌లో కూర్చున్నవాళ్లకి ఒక అంచనా ఉంటుంది. కొంపల్లిలోనో మియాపూర్‌లోనో బడి ఇచ్చే 95 శాతాన్ని వాళ్లు దేనితో తూచాలి? అక్కడినుంచి వెళ్లే ఫైల్లో అందరికీ ఒకటే అయిన ముఖ్యమైన కొలబద్ద ఆ స్కోరే, అందులోనూ రీడింగ్. ఆ పిల్లకి 70 దగ్గర ఆగితే ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా అనుమానం మిగిలిపోతుంది. డిసెంబర్ స్లాట్ దొరుకుతుందో లేదో ఈ రాత్రికే చూసుకోవాలి.