గిఫ్ట్ బుట్ట: షాపులో సర్దినదా, మన చేత్తో సర్దినదా?

పండగ సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. గిఫ్ట్ బాస్కెట్ రెడీమేడ్‌ది కొంటే మేలా, వస్తువులు విడివిడిగా తెచ్చి ఇంట్లో సర్దుకుంటే మేలా? ఏది చవక? ఈసారి నేను ఏడు బుట్టలు ఇవ్వాల్సి వచ్చింది. రెండు షాపులో సర్దినవి కొన్నాను, ఐదు ఇంట్లో సర్దాను. రెండు దారులూ చూశాను కాబట్టి ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

రెడీమేడ్‌లో ఉన్న సుఖాన్ని ముందే ఒప్పుకోవాలి. టైమ్ మిగులుతుంది. ఆఫీసులో ముప్ఫై మందికి ఒకేలాంటివి ఇవ్వాలన్నా, వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు పంపాలన్నా అదే నయం. ప్యాకింగ్, కొరియర్ అన్నీ వాళ్లే చూసుకుంటారు. నేను కొన్న రెండూ దూరాన ఉన్నవాళ్ల కోసమే.

కానీ పోయినేడు మా ఇంటికి వచ్చిన ఒక బుట్ట సంగతి చెప్పాలి. రెండు చేతులా పట్టుకుంటే గానీ లోపలికి తేలేకపోయాం, అంత వెడల్పు. సెల్లోఫేన్ విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పెడితే మొత్తం ఎనిమిది వస్తువులు. వాటి కింద నాలుగు వేళ్ల మందాన రంగు కాగితం తురుము, దాని కింద బోర్లించిన ఖాళీ అట్టపెట్టె. జామ్ సీసా రెండు పూటలకు సరిపోయేంత. బిస్కెట్ల డేట్ ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. టీ పొడి ప్యాకెట్ విప్పితే పక్కనున్న సబ్బు వాసన గుప్పుమంది. ఇచ్చినవాళ్లు మనస్ఫూర్తిగా ఇచ్చారు, ఖర్చు కూడా బాగానే పెట్టారు. ఆ ఖర్చులో చాలా భాగం కాగితానికీ అట్టకీ పోయిందని నాకు ఇప్పటికీ బాధే.

అందుకే నా లెక్కలో అసలు విషయం బడ్జెట్ ఎంత అన్నది కాదు, ఆ డబ్బు బుట్టలో ఎక్కడికి పోతోందన్నది. నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఉన్న డబ్బును 10 భాగాలు చేస్తాను. 5 భాగాలు ఒకే ఒక్క మంచి వస్తువుకు. 4 భాగాలు దానికి తోడుగా వచ్చే రెండు మూడింటికి. మిగిలిన 1 భాగంలోనే బుట్ట, రిబ్బన్, కాగితం అన్నీ సర్దుకోవాలి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, బడ్జెట్ చిన్నదైతే వస్తువులు చిన్నవవుతాయి, అంతే. ఈ పాళ్లు మాత్రం మారవు.

ఉదాహరణకు, టీ అంటే ప్రాణం పెట్టే ఒక పెద్దాయనకు సర్దిన బుట్టలో నాలుగే ఉన్నాయి. మంచి టీ ఆకు డబ్బా, దానికి తగ్గ వడపోత గిన్నె, ఒక కప్పు, చిన్న తేనె సీసా. అదే ఆలోచన అతి తక్కువ డబ్బులో కూడా కుదురుతుంది: టీ చిన్న డబ్బా, నంచుకోవడానికి ఇంట్లో చేసిన బిస్కెట్లు, రెండూ ఒక శుభ్రమైన చేతిగుడ్డలో మూటకట్టడం. బుట్టే లేదు, అయినా ఏ లోటూ కనిపించదు. డబ్బు ఎక్కువ ఉన్నప్పుడు ఆ టీ డబ్బానే ఇంకా మేలు రకం తీసుకుంటాను. వస్తువుల సంఖ్య పెంచను. పది చిల్లర వస్తువులు పెడితే బుట్ట నిండుగా కనిపిస్తుంది, కానీ ఇంటికెళ్లాక వాటిలో ఏడు అటక మీదికి చేరతాయి.

ఇంట్లో సర్దితే కచ్చితంగా చవకా అంటే, ఒక్క బుట్టకైతే కాదనే చెప్తాను. రిబ్బన్ మొత్తం చుట్ట కొనాలి, సెల్లోఫేన్ మొత్తం రోల్ కొనాలి, సగం పైన మిగిలిపోతుంది. నాలుగైదు చేసినప్పుడే గిట్టుబాటు. పెద్ద ప్యాక్ ఒకటి తెచ్చి చిన్న సీసాల్లోకి పంచుకోవచ్చు. అలా పంచితే అసలు ప్యాకెట్ మీదున్న డేట్‌ను, పదార్థాల పేర్లను ప్రతి సీసా మీదా రాసి తీరాలి. వేరుశనగ, గోధుమ, పాలు పడనివాళ్లు ఉంటారు. ఏడాది నిండని పాపాయికి తేనె పెట్టకూడదు కాబట్టి, అలాంటి ఇంటికి ఇచ్చేటప్పుడు ఆ మాట చీటీ మీద రాస్తాను.

సర్దడంలో చాలామంది చేసే పొరపాటు ముందు బుట్ట కొనడం. తర్వాత దాన్ని నింపలేక టెన్షన్ పడి, అక్కర్లేనివి తెచ్చి పడేస్తారు. వస్తువులన్నీ బల్ల మీద దగ్గరగా పేర్చి చూసి, అవి పట్టేంత బుట్టే తీసుకోండి. బరువైనవి అడుగున మధ్యలో, పొడవైనవి వెనక, చిన్నవి ముందు. సీసాలు ఒకదానికొకటి తగలకుండా నలిపిన కాగితం మధ్యలో దూర్చితే చాలు. టీ, కాఫీ ఉన్న బుట్టలో సబ్బులు, సువాసన కొవ్వొత్తులు పెట్టొద్దు. టీ ఆకు పక్కనున్న వాసనను ఇట్టే పట్టేస్తుంది. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకు ముందే చాక్లెట్ మెత్తబడుతుంది. కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర వస్తుంది. తింటే ఏమీ కాదు గానీ చూడ్డానికి పాతదానిలా ఉంటుంది. ఎండలో ప్రయాణం చేసే బుట్టకు చాక్లెట్ వద్దనే అంటాను.

పండ్ల బుట్ట ఇచ్చే రోజే సర్దాలి. ఆపిల్, అరటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కవాటినీ త్వరగా పండించేస్తుంది. గిఫ్ట్ కార్డు అయితే ఏం కావాలో బొత్తిగా తెలియనివాళ్లకు పనికొస్తుంది, అంతవరకే.

దగ్గరివాళ్లు అయిదారుగురు ఉంటే ఒక సాయంత్రం కేటాయించి ఇంట్లోనే సర్దండి, నా ఓటు దానికే. టైమ్ లేక షాపులోదే కొనాల్సి వస్తే, లోపల ఏమేం ఉన్నాయో లిస్టు అడగండి. గ్రాములు చూడండి, డేట్లు చూడండి. సెల్లోఫేన్ చుట్టకముందే పైన రెండు వస్తువులు పక్కకు తీయమని, అడుగున ఏముందో చేత్తో తడిమి చూడండి.