పంపు మీద కోపం లేదు, దాని స్విచ్ మీదే: నాలుగేళ్ల బిల్జ్ పంపు వాడకం

నాలుగేళ్లుగా నా 18 అడుగుల ఫైబర్ పడవలో ఒకటే బిల్జ్ పంపు, అంటే పడవ అడుగున చేరే నీళ్లను బయటికి తోడే పంపు, నడుస్తోంది. దానికి స్విచ్‌లు మాత్రం ఇది మూడోది. అసలు సమీక్ష ఈ రెండు వాక్యాల్లోనే అయిపోయింది, కానీ రెండో స్విచ్ చేసిన పని చెప్పకుండా ఉండలేను.

నా పడవ ఏడాది పొడుగునా ఉప్పునీళ్లలోనే, జెట్టీకి కట్టేసి ఉంటుంది. నేను వారానికోసారి వెళ్తాను, పని ఎక్కువైతే రెండు వారాలు. పడవ అడుగున, అమరం (వెనక భాగం) వైపు పల్లంలో ఎప్పుడూ కొంత నీరు చేరుతూనే ఉంటుంది. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే మనిషి లేకపోయినా తనంతట తాను నీళ్లు తోడే పంపు కావాలనుకున్నాను. నీళ్లు పెరిగితే దాని స్విచ్‌లోని తేలే ఫ్లోట్ పైకి లేస్తుంది, అందులోని స్టీలు గుండు దొర్లి కరెంటు కలుపుతుంది. నీళ్లు తగ్గితే ఫ్లోట్ దిగి మోటారు ఆగుతుంది. ఇంతే యంత్రాంగం.

పంపు గురించి రెండు మాటలు. డబ్బా మీద గంటకు 1,100 గ్యాలన్లని ఉంది, అంటే సుమారు 4,160 లీటర్లు. ఆ అంకె పైపు లేకుండా, నీళ్లు ఎత్తే పని లేకుండా కొలిచింది. నేను బకెట్ పట్టుకుని చూస్తే 20 లీటర్లు నిండడానికి 29 సెకన్లు పట్టింది. గంటకు 2,500 కూడా లేదు. మొదట వేసిన ముడతల పైపు తీసేసి లోపల నున్నగా ఉండే పైపు వేశాక అదే బకెట్ 24 సెకన్లకు నిండింది. ఒక్క పైపు మారిస్తే అంత తేడా వస్తుందనుకోలేదు. కొనేవాళ్లు డబ్బా మీద అంకెలో సగం పైచిలుకు వస్తే సంతోషించండి.

మొదటి ఏడాది దీన్ని కనిపించినవాళ్లందరికీ పొగిడాను. వాన పడ్డ మర్నాడు పరుగెత్తుకెళ్లి డబ్బాతో నీళ్లు తోడే బాధ తప్పింది మరి. "పెట్టేసి మర్చిపోవచ్చు" అని ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఆ మాటలో "పెట్టేసి" అన్నంతవరకు ఇప్పటికీ నిజమే.

మొదటి స్విచ్ పోయింది ఇరవయ్యో నెలలో. నిజానికి అది స్విచ్ తప్పు కూడా కాదు, వైరు అతుకులది. మామూలు రాగి తీగ కలిపి పైన టేపు చుట్టాను. ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పట్టి తీగ పొడిపొడిగా రాలింది. అతుకు విప్పి చూసుకోకుండా స్విచ్‌నే మార్చేశాను, తర్వాత నాలిక కరుచుకున్నాను. ఈసారి కళాయి పూసిన తీగ వాడి, లోపల జిగురుండి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టాలు వేసి, అతుకుల్ని నీళ్లు అందని ఎత్తున కట్టాను. వాటి జోలికి మళ్లీ వెళ్లాల్సిన పని పడలేదు.

ఇక రెండో స్విచ్. పెట్టిన పద్నాలుగో నెలలో, ఒక పొద్దున్నే పక్క పడవ ఆయన ఫోన్ చేశారు. "మీ పడవ వెనకవైపు బాగా దిగిపోయిందండీ, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. నేను వెళ్లేసరికి అమరం పూర్తిగా నీళ్లలో ఉంది, ముందు భాగం మాత్రం ఆకాశం చూస్తోంది. సీట్ల కింద ఫోమ్ ఉండబట్టి అంతటితో ఆగింది. బ్యాటరీ, ఫ్యూజుల పెట్టె, తాళ్లు పెట్టుకునే అర, అన్నీ ఉప్పునీళ్లలో. ఇద్దరం బకెట్లతో తోడుతుంటే మధ్యాహ్నమైంది.

రాత్రి పెద్ద వానే పడింది. పడవ మీద కప్పిన కవర్ మధ్యలో ఆనించిన కర్ర పడిపోయి, కవర్ లోపలికి జారి, నీళ్లన్నీ పడవలోకి దిగాయి. 8 చదరపు మీటర్ల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్లు, అంటే 800 కిలోల బరువు. ఆ బరువంతా పల్లం ఉన్న వెనక వైపుకే పోతుంది. అమరం అలా దిగాక, ఇంజన్ బిగించే చోట గోడ తక్కువ ఎత్తులో ఉంటుంది కదా, దాని మీదుగా చిన్న చిన్న అలలు కూడా లోపలికి వచ్చేస్తాయి. ఆ తర్వాత వాన ఆగినా లాభం లేదు.

మరి పంపు ఏం చేస్తున్నట్టు? స్విచ్ లేవలేదేమో, పంపు తిరగలేదేమో అనుకున్నాను. జరిగింది దానికి సరిగ్గా తిరగబడ్డ కథ. పక్కాయన మాటల మధ్యలో అన్నారు: "మొన్న సాయంత్రం నుంచి మీ పడవలోంచి సన్నగా మోత వస్తూనే ఉందండీ. మీరేదో నడుపుతున్నారేమో అనుకున్నా." అప్పుడర్థమైంది. స్విచ్ లేవడానికి లేచింది, దిగలేదంతే. నీళ్లన్నీ అయిపోయాక కూడా పంపు వట్టిగా తిరుగుతూనే ఉంది. మూడున్నర ఆంపియర్ల లెక్కన 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీని 20 గంటల్లో పీల్చేసింది. వాన వచ్చే వేళకు బ్యాటరీ చచ్చిపోయి ఉంది. అవసరం లేనప్పుడు రాత్రీ పగలూ పనిచేసి, అవసరమైన రాత్రి నిద్రపోయింది.

నీళ్లు తోడేశాక టార్చి వేసి చూస్తే ఫ్లోట్ కింద, కీలు దగ్గర, తెల్లటి కేబుల్ టై ముక్క ఇరుక్కుని ఉంది. గోరంత. అదే స్విచ్ బిగించిన రోజు వైర్లు కట్టి, మిగిలిన కొసలు కత్తిరించింది నేనే. ఒక ముక్క కింద పడితే ఎవరు వెతుకుతారు? పద్నాలుగు నెలలు అది పడవ అడుగున అటూ ఇటూ తేలుతూ సరైన సందు కోసం చూసినట్టుంది.

నా తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను. అయినా కోపం పోలేదు. పడవ అడుగున చెత్త ఉండదని ఎవరనుకుంటారు? ఆకులు, నైలాన్ దారం, పెయింటు పెచ్చులు, అన్నీ చేరేది అక్కడికే. అలాంటి చోట పనిచేసే వస్తువుకు కీలు బార్లా తెరిచి పెట్టి, చుట్టూ ఒక జాలీ కూడా ఇవ్వకపోవడం ఏం డిజైన్? పంపుకేమో జాలీ ఇచ్చారు. దాన్ని నడిపించేదానికి లేదు. పైగా పంపు తిరుగుతోందని బయటివాళ్లకు చెప్పే గుర్తంటూ ఏదీ ఉండదు.

చిత్రమేమిటంటే పంపుకు ఏమీ కాలేదు. వట్టిగా నడపొద్దని కాగితంలో స్పష్టంగా ఉంది. 20 గంటలు అలా తిరిగి, ఆ తర్వాత చెత్త నీళ్లలో నాని కూడా, వేరే బ్యాటరీకి తగిలిస్తే మొదటి రోజులాగే తిరిగింది. నేనైతే దాన్ని పారేయడానికి సంచిలో వేసేశాను.

ఇప్పుడున్న మూడో స్విచ్ గూడు లోపల ఉండే రకం. ఫ్లోట్ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, దానికి సన్న చీలికలు. బయటి నుంచే తిప్పి పరీక్షించుకోవడానికి చిన్న మర ఉంది. దీన్ని పంపు అడుగు కంటే రెండు వేళ్లు ఎత్తులో బిగించాను. ఎందుకంటే పంపు ఆగగానే పైపులో మిగిలిన నీళ్లు, నా పైపుకైతే లీటరుకు పైగా, మళ్లీ కిందికి వచ్చేస్తాయి. స్విచ్ మరీ కిందుంటే ఆ నీళ్లకే ఫ్లోట్ లేచి, పంపు ఆగడం, తిరగడం, ఆగడం... బ్యాటరీ తినడానికి అది ఇంకో దారి.

దాంతో పాటు రెండు పెట్టాను. ఒకటి, పంపు మూడు నిమిషాలకు మించి ఆగకుండా నడిస్తే మోగే బజర్. పక్కాయనకు అదేంటో ముందే చెప్పి ఉంచాను. రెండోది, పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే కౌంటర్. కౌంటర్‌ను పెద్దగా ఆశపడి కొనలేదు, బజర్‌తో కలిపి వచ్చింది. ఇప్పుడు పడవలో దిగగానే మొదట చూసేది దాన్నే. మామూలుగా వానలేని వారంలో పది, పన్నెండు చూపించేది. ఒక వారం నలభై దాటింది. అడుగున చూస్తే నీళ్లు ఎప్పుడూ ఉన్నంతే, ఎందుకంటే పంపు తోడేస్తోంది కదా. వెతగ్గా వెతగ్గా ఇంజన్ బిగించిన బోల్టు ఒకదాని చుట్టూ సీలు పాడై నీరు ఊరుతోందని తేలింది. కౌంటర్ లేకపోతే పంపు ఆ కన్నాన్ని నెలల తరబడి దాచిపెట్టేది.

ఫ్లోట్ అసలే లేని ఎలక్ట్రానిక్ రకాలూ ఉన్నాయి. వాటిలో కొన్ని రెండున్నర నిమిషాలకోసారి మోటారును తిప్పి, నీళ్లు తగిలాయో లేదో తెలుసుకుంటాయి. ఇరుక్కోవడానికి ఏమీ ఉండదు గానీ అలా చూసుకున్నప్పుడల్లా కొంత కరెంటు పోతుంది. నా బ్యాటరీ 20 వాట్ల సోలార్ పలక మీద బతుకుతోంది కాబట్టి వద్దనుకున్నాను. ఆ పలకను కూడా ఒకప్పుడు తెగ మెచ్చుకున్నాను. ఎండాకాలంలో బ్యాటరీ నిండుగా ఉంచుతుంది, నిజమే. పంపుకు ఎక్కువ పని ఉండేది మాత్రం మబ్బు పట్టిన రోజుల్లో.

ఇంకో మాట, ఏ స్విచ్ పెట్టినా ఇలాంటి పంపుకు నీళ్లకూ నూనెకూ తేడా తెలియదు. ఇంజన్ ఆయిల్ కారితే దాన్నీ సముద్రంలోకి తోడేస్తుంది. నూనె పీల్చే మెత్త ఒకటి అడుగున వేశాను. అది ఆరు నెలలకు చివికి పోగులు పోగులై పంపు జాలీకి చుట్టుకుంది. ఇప్పుడు మెత్తను వలసంచిలో పెట్టి కడుతున్నాను.

పడవను ట్రైలర్ మీద ఇంట్లో పెట్టుకునేవాళ్లకు ఇదంతా అనవసరం, అడుగున బిరడా తీసి వదిలేస్తే చాలు. రోజూ పడవలో దిగేవాళ్లకు చేత్తో వేసే మామూలు స్విచ్ సరిపోతుందేమో. నాలాగా నీళ్లలో కట్టేసి వారం తర్వాత వచ్చేవాళ్లయితే ఈ పంపు కొనండి, దాంతో వచ్చే స్విచ్‌ను మాత్రం నమ్మకండి. వేరే బ్యాటరీతో, ఇంకాస్త ఎత్తులో రెండో పంపు పెట్టమని పక్కాయన అంటున్నారు. వచ్చే వానల లోపు పెట్టాలి, ఇంకా పెట్టలేదు.

మూడో స్విచ్ బిగించి ఈ నెలతో పద్నాలుగు నెలలు. ఇప్పటిదాకా ఆగాల్సినప్పుడల్లా ఆగుతోంది. రెండోది కూడా పద్నాలుగో నెల దాకా అలాగే ఆగింది.