ఇంట్లో నెట్ తీయించేస్తున్నారా? ముందు బిల్లు తేదీ, రిజిస్టర్డ్ నంబరు చూసుకోండి

కోనసీమలో, భీమవరం, పాలకొల్లు వైపు ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని, ఇప్పుడు ఇక వద్దనుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కరోనా టైములో పిల్లలు ఊరొచ్చి ఇంటి నుంచే ఉద్యోగాలు చేసుకున్నారు కాబట్టి ప్రతి వీధిలోనూ నాలుగైదు కనెక్షన్లు పడ్డాయి. ఇప్పుడు ఆఫీసులు హైదరాబాదు, బెంగళూరు రమ్మంటున్నాయి. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళకు ఫోన్ డేటా చాలు. నెట్ పెట్టించుకోవడానికి ఒక్క ఫోన్ చాలింది గానీ, తీయించుకోవడం అలా ఉండదు. మీరు వద్దన్న రోజుతో బిల్లు ఆగిపోతుందని మాత్రం అనుకోకండి.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కనెక్షన్ నాన్నగారి పేరు మీద ఉంది, వాడుకున్నది మా తమ్ముడు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే పద్ధతి ఇంకోచోట కూడా ఉండొచ్చు. పోస్ట్‌పెయిడ్ ప్లాను. చెప్పేటప్పుడు 799 అంటారు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే కట్టేది 942 రూపాయల 82 పైసలు. తమ్ముడు వెళ్ళిపోగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం. రిక్వెస్ట్ రిజిస్టర్డ్ మొబైల్ నుంచే రావాలన్నారు. నాన్నగారి ఫోన్ నుంచే చేస్తున్నామండీ అంటే, రికార్డులో ఉన్న నంబరు ఇది కాదన్నారు. తీరా చూస్తే అది లైను వేసిన కుర్రాడి నంబరు!

అతనేదో మోసం చేశాడని నేననను. ఓటీపీ కోసం పెద్దవాళ్ళను మళ్ళీ మళ్ళీ అడగడం ఎందుకని, పని తొందరగా తెమలాలని తన నంబరు ఇచ్చేసుకున్నాడట. అడిగితే "ఆయ్, మార్పించేద్దామండి" అన్నాడు. కానీ నంబరు మార్చాలంటే ఆధార్ కాపీ, సంతకం చేసిన కాగితం పంపాలి, ఆ తర్వాత వాళ్ళు సరిచూసుకోవాలి. అంతవరకు క్యాన్సిలేషన్ రిక్వెస్ట్ తీసుకోరు. ఈ లోపు మా బిల్లు తేదీ దాటిపోయింది.

బిల్లు తేదీ దాటితే ఏమవుతుందనేదే అసలు సంగతి. మా బిల్లు ప్రతి నెలా 5 నుంచి మరుసటి నెల 4 వరకు. ఒప్పందంలో నోటీసు 30 రోజులు. రిక్వెస్ట్ జూన్ 3న నమోదైతే ముప్పై రోజులు జులై 3కి పూర్తవుతాయి, జులై 4తో ముగిసే బిల్లుతో లెక్క తేలిపోతుంది. మాది జూన్ 9న నమోదైంది. నోటీసు జులై 9కి పూర్తయింది కానీ, జులై 5న కొత్త బిల్లు మొదలైంది కాబట్టి ఆగస్టు 4 వరకు పూర్తిగా కట్టాలన్నారు. ఆ నాలుగైదు రోజులకు మాత్రమే లెక్కగట్టి తీసుకోండంటే "మా సిస్టమ్‌లో అలా రాదు సార్" అన్నారు. పేరుకు 30 రోజుల నోటీసు, తీరా కట్టాల్సింది దాదాపు రెండు నెలలకు. అందుకే రిక్వెస్ట్ ఎప్పుడు పెట్టాలో మీ బిల్లు తేదీని బట్టి చూసుకోండి, ఆ తేదీకి వారం ముందే నమోదయ్యేలా చూడండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. ఈమెయిల్ పెట్టి, డాకెట్ నంబరు (రిక్వెస్ట్ నమోదైనట్టు ఇచ్చే నంబరు) తీసుకుని, "సర్వీసు ఆగే తేదీ ఏది, చివరి బిల్లు ఎంత" అని రాతపూర్వకంగా చెప్పమనండి.

నోటీసు ఎన్ని రోజులన్నది అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. మీరు సంతకం చేసిన అప్లికేషన్ ఫారంలోనో, వాళ్ళ షరతుల్లోనో ఉంటుంది. ప్రీపెయిడ్ అయితే సాధారణంగా గడువు అయిపోగానే రీఛార్జి మానేస్తే సరిపోతుంది, బాక్సు (రౌటర్) మాత్రం తిరిగి ఇచ్చేయాలి. ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టి, ఇన్‌స్టలేషన్ ఫ్రీగా చేయించుకున్న వాళ్ళు మధ్యలో మానేస్తే ఆ ఫ్రీ డబ్బులు కంపెనీ వాళ్ళు వెనక్కి అడగవచ్చు.

రిక్వెస్ట్ పెట్టాక మీకు ఒక ఫోన్ వస్తుంది. చాలా మర్యాదగా మాట్లాడతారు. మూడు నెలలు సగం ధరకే ఇస్తామంటారు, లేకపోతే కొన్నాళ్ళు ఆపి ఉంచుతామంటారు. దానికి ఊ అన్నారంటే మీ క్యాన్సిలేషన్ రిక్వెస్ట్ అక్కడితో మూసేస్తారు. ఆపి ఉంచడమంటే తీసేయడం కాదు. ఆ ఫోన్ మా అమ్మగారికి వచ్చింది, ఆవిడ "మా అబ్బాయితో మాట్లాడండి" అని పెట్టేసింది కాబట్టి బతికిపోయాం.

ఆటోపే ఉంటే యూపీఐ యాప్‌లోకి వెళ్ళి ఆపేసుకోండి. కానీ అది ఆపేస్తే కనెక్షన్ రద్దయిందని కాదు. పోస్ట్‌పెయిడ్‌లో బాకీ పెరుగుతూనే ఉంటుంది, తర్వాత వసూలు చేసేవాళ్ళు ఫోన్లు చేస్తారు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న పెద్దవాళ్ళకు "మీ మీద లీగల్ నోటీసు వస్తుంది" అని చెబితే వాళ్ళకెంత టెన్షనో వేరే చెప్పాలా?

మన దగ్గర ఇంకో బాధ ఉంది. కొబ్బరి మట్ట పడి వైరు తెగుతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంకల్లో కరెంటే ఉండదు. నోటీసు నడుస్తున్న రోజుల్లోనే మా లైను కూడా పోయింది, బిల్లు మాత్రం పూర్తిగా వేశారు. అలాంటప్పుడు ప్రతిసారీ కంప్లయింట్ పెట్టి నంబరు రాసుకోండి, ఆ రోజులకు తగ్గించమని అడగడానికి అదే ఆధారం.

బాక్సు, అడాప్టరు ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీసి, రసీదు రాయించుకోండి. రసీదు లేకపోతే రౌటర్ ఖరీదు చివరి బిల్లులో తేలే ప్రమాదం ఉంది.

కస్టమర్ కేర్ వినకపోతే అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2012 నియమాల ప్రకారం అక్కడ అప్పీలుకు ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదులు నేరుగా తీసుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్లు వినవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు.

మేము అప్పీలుతోనే ఆగాం. ఆగస్టు 4 వరకు వేసిన బిల్లులో జులై 9 తర్వాతది తీసేశారు. సిస్టమ్‌లో రాదన్న లెక్క అప్పుడెలా వచ్చిందో వాళ్ళకే తెలియాలి. లైను పోయిన రోజులకు మాత్రం పైసా తగ్గించలేదు.

ఆ కుర్రాడి నంబరు మా వీధిలోనే ఇంకో రెండు ఇళ్ళ కనెక్షన్లకు కూడా ఉందట. ఇప్పట్లో తీయించే ఉద్దేశం లేకపోయినా, కంపెనీ యాప్‌లోకి మీ సొంత ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యి చూడండి. ఓటీపీ మీకు రాకపోతే ముందు ఆ నంబరు మార్పించుకోండి.