రెండో రౌటర్‌తో గెస్ట్ వైఫై: ఎవరు లోపల, ఎవరు బయట?

మూలన పడున్న పాత రౌటర్‌ను మెయిన్ రౌటర్‌కు ఒక కేబుల్‌తో తగిలించి, దాని వైఫైకి 'గెస్ట్' అని పేరు పెట్టి, వచ్చినవాళ్లకు ఆ పాస్‌వర్డ్ ఇస్తే చాలని చాలామంది చెబుతారు. పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు, ఐపీ అడ్రస్‌లు కూడా వేరు. చూడ్డానికి రెండూ విడివిడి నెట్‌వర్కులే. కానీ ఆ గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మెయిన్ రౌటర్ అడ్రస్ కొట్టి చూడండి, లాగిన్ పేజీ వచ్చేస్తుంది. ప్రింటర్ అడ్రస్ కొడితే ప్రింటర్ పేజీ కూడా వస్తుంది. రెండు రౌటర్ల పద్ధతిని నేను చాలాకాలంగా వాడుతున్నాను. నచ్చింది, మానే ఉద్దేశం లేదు. కాకపోతే ఏ రౌటర్ ముందుండాలి, ఏది వెనకుండాలి అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

రెండో రౌటర్ వ్యాన్ పోర్ట్‌ను (ఇంటర్నెట్ వచ్చే పోర్ట్) మొదటి రౌటర్ ల్యాన్ పోర్ట్‌కు (ఇంట్లో పరికరాలు తగిలించే పోర్ట్) కలిపామంటే, రెండోదాని లెక్కలో మొదటి రౌటర్ నెట్‌వర్క్ కూడా ఇంటర్నెట్‌లో ఒక ముక్కే. దాని వెనక ఉన్న ఫోన్ ఏ వెబ్‌సైట్‌కైనా ఎలా వెళ్తుందో, మొదటి రౌటర్ మీద ఉన్న ప్రింటర్ దగ్గరికీ అలాగే వెళ్తుంది. అడ్డం ఉండేది ఎదురు దిశలోనే. మొదటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు తమంతట తాము రెండో రౌటర్ లోపలికి రాబోతే దాని న్యాట్ (లోపలి పరికరాలన్నిటినీ ఒకే అడ్రస్ వెనక ఉంచే పద్ధతి), ఫైర్‌వాల్ (రాకపోకలను వడకట్టే కాపలా) ఆపేస్తాయి. లోపలినుంచి తోస్తేనే తెరుచుకునే తలుపు అనుకోండి. ఇప్పుడు అతిథులను రెండో రౌటర్ మీద పెట్టామంటే, వాళ్లను మన నుంచి కాపాడుతున్నామన్నమాట. మర్యాదే కానీ, మనకు కావలసింది అది కాదు.

అందుకని నేను తిరగేసి పెట్టుకున్నాను. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా బయట ఉంటుంది. దాని వైఫై అతిథులకు, టీవీకి, కెమెరాకు, స్మార్ట్ ప్లగ్గులకు. నేను కొనుక్కున్న రౌటర్ దాని వెనక ఉంటుంది. లాప్‌టాప్‌లు, ఇంట్లోవాళ్ల ఫోన్లు, ప్రింటర్, బ్యాకప్ డిస్క్ అన్నీ దీని మీదే. కెమెరాను కూడా అతిథుల్లో కలిపేశానేమిటంటారా? 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుని వాటితోనే పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది. అప్‌డేట్లు ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో తెలియని వస్తువును నా ఫైళ్ల పక్కన కూర్చోబెట్టలేను. ఇక కంపెనీ డబ్బా విషయం. టీఆర్-069 అనే పద్ధతి ఉంటే కంపెనీ దూరం నుంచే సెట్టింగ్స్ మార్చగలదు, ఫర్మ్‌వేర్ (డబ్బాను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించగలదు. అందులో తప్పేమీ లేదు, రిపేర్లకు అది అవసరమే. అయినా పూర్తిగా నా చేతుల్లో లేని పెట్టెను చివరి కాపలాగా నమ్మను.

సెటప్ పెద్ద పనేమీ కాదు. రెండు రౌటర్లూ 192.168.1.1 మీదే ఉంటే గొడవ మొదలవుతుంది కాబట్టి లోపలి రౌటర్ అడ్రస్ రేంజ్ ముందే మార్చాలి. 192.168.50.1 అయినా చాలు. ఆఫీస్ వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) వాడేవాళ్లు 10.77.30.1 లాంటి పెద్దగా ఎవరూ వాడని రేంజ్ పెట్టుకుంటే నయం, ఆఫీస్ నెట్‌వర్క్‌తో ఢీకొట్టే అవకాశం తగ్గుతుంది. లోపలి రౌటర్ వ్యాన్ సెట్టింగ్ ఆటోమేటిక్, అంటే డీహెచ్‌సీపీ (దానికి అడ్రస్‌ను బయటి డబ్బాయే ఇస్తుంది). రెండింటిలోనూ డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సౌకర్యం) ఆపేయాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. బయటి డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ లాగిన్ పేజీ ప్రతి అతిథికీ కనబడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి చానెల్ 1, ఇంకోదానికి 6 లేదా 11 ఇచ్చి, రెండు పెట్టెలనూ కాస్త దూరంగా పెడితే వైఫై గోల తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. చాలా రౌటర్లలో ఏపీ మోడ్ అని ఉంటుంది, సెటప్ విజార్డే దాన్ని సూచిస్తుంది కూడా. అది ఎంచుకుంటే రెండో పెట్టె రౌటర్‌గా పనిచేయడం మానేసి, ఉన్న నెట్‌వర్క్‌నే ఇంకొంచెం దూరం చాపుతుంది. విడదీయడం అనే మాటే ఉండదు. ఏపీ మోడ్‌లో గెస్ట్ నెట్‌వర్క్ బటన్ కనిపించినా, చాలా మోడళ్లలో అది వేరే పేరు చూపించడం తప్ప వేరుచేసేదేమీ ఉండదు.

అతిథులను వెనకే పెట్టాల్సిన ఇళ్లూ ఉంటాయి. మెయిన్ రౌటర్‌కు అప్పటికే అన్నీ వైర్లతో కలిపి ఉంటాయి, కదపడం కుదరదు. అలాంటప్పుడు రెండో రౌటర్‌లో ఫైర్‌వాల్ రూల్ రాయాలి. రౌటర్ తయారుచేసినవాళ్ల ఫర్మ్‌వేర్‌లో ఈ సౌకర్యం చాలాసార్లు ఉండదు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఉంటుంది. గెస్ట్ నుంచి 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 అడ్రస్‌లకు (ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడే ప్రైవేట్ అడ్రస్‌లివే) వెళ్లే ఫార్వర్డ్ ట్రాఫిక్‌ను, అంటే రెండో రౌటర్ దాటి పోయేదాన్ని, రిజెక్ట్ చేయాలి. మెయిన్ రౌటర్ అడ్రస్ కూడా అందులోనే ఉంది కదా, నెట్ ఆగిపోదా అని డౌట్ వస్తుంది. ఆగదు. బయటి వెబ్‌సైట్‌కు వెళ్లే ప్యాకెట్ మీద ఉండేది ఆ వెబ్‌సైట్ అడ్రస్, గేట్‌వే (దారిలో ఉన్న మెయిన్ రౌటర్) అడ్రస్ కాదు. డీఎన్ఎస్ (సైట్ పేరు అడిగితే అడ్రస్ చెప్పే సేవ) మాత్రం అతిథులు రెండో రౌటర్‌నే అడిగేలా ఉండాలి. మెయిన్ రౌటర్ అడ్రస్‌ను నేరుగా వాళ్లకు ఇస్తే పేర్లు దొరకక సైట్లు తెరుచుకోవు. ఇంకోటి, ఈ రూల్ ఐపీవీ4కే, అంటే పైన రాసినలాంటి పాత తరహా అడ్రస్‌లకే. మెయిన్ నెట్‌వర్క్‌లో కొత్త తరహా అడ్రస్‌ల ఐపీవీ6 నడుస్తుంటే గెస్ట్ వైపు దాన్ని ఆపేయండి, లేదా దానికీ ఒక రూల్ రాయండి. పాత రౌటర్ కదా అని దేనికి పడితే దానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కదు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటికి కొత్త వెర్షన్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

పరీక్షించకుండా నమ్మొద్దు. గెస్ట్ వైఫైలో ఉండి లోపలి లాప్‌టాప్‌కు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొడితే జవాబు రాలేదు, హమ్మయ్య అనుకుంటాం. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు మామూలుగానే జవాబివ్వకపోవచ్చు, ఆ మౌనం దేనికీ రుజువు కాదు. ప్రింటర్ పేజీ, బ్యాకప్ డిస్క్ పేజీ లాంటివి బ్రౌజర్‌లో తెరవబోయి చూడాలి. ముందు లోపలి వైఫైలో తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకుని, ఆ తర్వాత గెస్ట్‌లో అదే అడ్రస్ కొట్టాలి.

రోజువారీ వాడకంలో బాగా తెలిసొచ్చేది టీవీ దగ్గరే. టీవీ బయట, ఫోన్ లోపల. ఫోన్‌లో క్యాస్ట్ బటన్ నొక్కితే టీవీ కనిపించదు. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎండీఎన్ఎస్ కేకలు రౌటర్ దాటవు. అడ్రస్ తెలిస్తే మాత్రం లోపలినుంచి బయటికి వెళ్లొచ్చు. కెమెరా పేజీని నా లాప్‌టాప్‌లో అలాగే తెరుస్తాను, కెమెరాకు మాత్రం నా లాప్‌టాప్ వైపు దారి లేదు. యూట్యూబ్‌కైతే టీవీ కోడ్‌తో ఫోన్‌ను లింక్ చేస్తే ఇంటర్నెట్ మీదుగా నడిచిపోతుంది. మిగతా యాప్‌లకు రిమోటే గతి. అతిథులు ప్రింట్ అడిగితే ఫైల్ నాకు పంపించుకుని నేనే తీసిస్తాను. దాని గురించి ఎవరూ బాధపడ్డట్టు లేదు.

విసుగు తెప్పించేది ఇంకోటి ఉంది. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో గెస్ట్ వైఫై సేవ్ అయి ఉంటే, సిగ్నల్ బాగున్నచోట ఫోన్ చప్పుడు చేయకుండా దానికి మారిపోతుంది. ఆ వెంటనే 'ప్రింటర్ పనిచేయట్లేదు' అని కేక. మన ఫోన్లలో గెస్ట్ పేరును ఫర్గెట్ చేయడం ఒక్కటే దీనికి మందు. అతిథులకు పాస్‌వర్డ్ చదివి వినిపించే బాధ లేకుండా క్యూఆర్ కోడ్ ముద్రించి అతికించాను. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కొత్త కాగితం అతికిస్తే సరి.

స్పీడ్ విషయంలో పెట్టెను ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. పాత రౌటర్లలో చాలావాటి పోర్ట్‌లు 100 ఎంబీపీఎస్‌వి, ఎంత లాగినా సుమారు 94 దగ్గర ఆగిపోతాయి. అలాంటిదాన్ని లోపలి రౌటర్‌గా పెడితే సొంత పరికరాలే నష్టపోతాయి, గిగాబిట్ ఉన్నదే కావాలి. అదే అతిథులను వెనక పెట్టే పద్ధతిలోనైతే ఆ పరిమితి వరమే, క్యూఓఎస్ (ఎవరికెంత స్పీడో పంచే) సెట్టింగ్‌ల జోలికి పోకుండానే వాళ్లకు ఒక హద్దు ఏర్పడుతుంది.

డబుల్ న్యాట్ (ఒక న్యాట్ వెనక ఇంకో న్యాట్) అని భయపెట్టేవాళ్లు ఉంటారు. బ్రౌజింగ్‌కు, వీడియో కాల్స్‌కు నాకెప్పుడూ తేడా తెలియలేదు. ఇబ్బంది గేమ్ కన్సోల్‌కు, బయటినుంచి ఇంట్లోకి పోర్ట్ తెరుచుకోవాలనుకునేవాళ్లకు. కన్సోల్‌ను బయటి డబ్బాకు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. లేదంటే బయటి డబ్బాలో డీఎంజెడ్ (బయటినుంచి వచ్చే కనెక్షన్లను ఒకే పరికరానికి పంపే సెట్టింగ్) దగ్గర లోపలి రౌటర్ అడ్రస్ ఇవ్వొచ్చు. మీ డబ్బా వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ నెట్ కంపెనీయే ఇంకో న్యాట్ పెట్టిందని అర్థం. అప్పుడు ఇంట్లో ఎన్ని రౌటర్లు తీసేసినా ఆ ఐపీవీ4 పోర్ట్ తెరుచుకోదు.

నా అమరికలో మిగిలిపోయిన కంత కూడా చెప్పాలి. నా ట్రాఫిక్ అంతా అతిథులున్న నెట్‌వర్క్ మీదుగానే బయటికి పోతుంది. అక్కడ తెలివి మీరినవాడెవడైనా ఏఆర్‌పీ స్పూఫింగ్‌తో (తానే రౌటర్‌నని నమ్మించే మోసం) మధ్యలో దూరొచ్చు. హెచ్‌టీటీపీఎస్ వల్ల లోపలి విషయం కనబడదు కానీ, ఏ సైట్లకు వెళ్తున్నానో కొంత తెలుస్తుంది. బయటి డబ్బాలో ఏపీ ఐసోలేషన్ ఆన్ చేస్తే అతిథులు ఒకరికొకరు కనిపించరు. వైర్‌తో కలిపిన నా రౌటర్‌కూ ఆ రక్షణ వర్తిస్తుందా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. పూర్తిగా మూయాలంటే మూడో రౌటర్ తెచ్చి, ముందున్నదానికి ఎవరినీ కలపకుండా, అతిథులకు ఒకటి, మనకు ఒకటి వెనక తగిలించాలి. లేదా వీల్యాన్‌లు (ఒకే పెట్టెలో విడివిడి నెట్‌వర్కులు) చేయగల ఒకే మంచి రౌటర్ కొనాలి. మా ఇంటికొచ్చేవాళ్ల కోసం అంత టెన్షన్ అవసరం లేదనిపించింది. అపరిచితులకు వైఫై ఇచ్చే చోటైతే ఈ రెంటిలో ఒకటి తప్పదు.

మీ రౌటర్‌లోనే గెస్ట్ నెట్‌వర్క్ ఉండి, అది రౌటర్ మోడ్‌లోనే నడుస్తూ, పైన చెప్పిన పరీక్షలో పాసైతే ఇదంతా పెట్టుకోకండి. ఒక అడాప్టర్, ఒక ప్లగ్ మిగులుతాయి. నెట్ పోయినప్పుడు ఏ డబ్బాను ముందు రీస్టార్ట్ చేయాలన్న వాదనా ఉండదు. మా ఇంట్లో అయితే ముందు బయటిది, దాని లైట్లు నిలకడగా వెలిగాక లోపలిది.