ఇంగ్లిష్ ఛానెల్ దాటాలంటే ఏ విమానం మేలు: బ్లెరియో 11, ఆంత్వానెత్ 4?

1909 జులైలో ఫ్రాన్స్‌లోని కలే తీరాన రెండు విమానాలు గాలి ఎప్పుడు తగ్గుతుందా అని కాచుకున్నాయి. ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్యనున్న ఈ సముద్రాన్ని విమానంలో మొదట దాటినవాళ్లకు లండన్ పత్రిక డెయిలీ మెయిల్ 1,000 పౌండ్లు ఇస్తానంది. ఫ్రెంచి విమాన నిర్మాత బ్లెరియో తన 11వ నమూనాతో వచ్చాడు. ఇంజినీరు లెవవసేర్ రూపొందించిన ఆంత్వానెత్ 4ను పైలట్ లాథమ్ నడిపాడు.

అందంలో ఆంత్వానెత్‌దే పైచేయి. పడవలాంటి సన్నని ఒళ్లు, 12.8 మీటర్ల రెక్కలు, 50 హార్స్‌పవర్ ఇంజిన్. ఎనిమిది సిలిండర్లున్నా ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్ లేదు, ఇంధనం పంపుతో లోపలికి చిమ్ముతుంది. ఇంజిన్ వేడికి ఆవిరైన నీరు పక్కల అమర్చిన గొట్టాల్లో చల్లబడి మళ్లీ నీరవుతుంది. ఆ కాలానికి ఎంత ముందుచూపో! కానీ ఇంధనం పోయే సన్నని దారుల్లో నలుసు పడితే చాలు, ఇంజిన్ మొరాయిస్తుంది.

బ్లెరియో తన తొలి విమానాలకు వాడింది ఆంత్వానెత్ ఇంజిన్లే. ఈసారి మాత్రం మూడు సిలిండర్ల అన్జానీ ఇంజిన్ పెట్టాడు. 25 హార్స్‌పవర్ మాత్రమే. నూనె చిమ్ముతుంది, త్వరగా వేడెక్కుతుంది. చల్లబరచడానికి నీళ్లతో పని లేదు కాబట్టి బరువు తగ్గింది, 7.8 మీటర్ల రెక్కలు సరిపోయాయి.

ఇంజిన్ల సంగతి అలా ఉంచితే, నన్ను బ్లెరియో వైపు లాగేది అతను కూర్చునే చోటు. చేతిలో ఒకే కర్ర. ముందుకు తోస్తే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది, పక్కకు వంచితే తీగలు రెక్కల అంచుల్ని మెలిపెట్టి విమానాన్ని అటు ఒరిగిస్తాయి. తోక చుక్కాని కాళ్ల కింద. ఆంత్వానెత్‌లో చెరో పక్క ఒక చక్రం: ఒకటి ముక్కును లేపడానికీ దించడానికీ, ఇంకోటి ఒరుగుకు. గాలి కుదుపు తగిలినప్పుడు ఏ చెయ్యి ఏం చెయ్యాలో ఆలోచించుకునే వ్యవధి ఎక్కడ? కొత్తగా నేర్చేవాడికి నేనైతే ఆ చక్రాలు అప్పగించను.

జులై 19న లాథమ్ ఇంజిన్ ఆగి సముద్రంలో దిగాడు. విమానం తేలింది, ప్రాణం దక్కింది. నీటి మీద పోటీలో అదీ చిన్న సుగుణం కాదు. కాలు కాలి కర్రల సాయంతో నడుస్తున్న బ్లెరియో 25న, దిక్సూచి కూడా లేకుండా, సుమారు 37 నిమిషాల్లో ఇంగ్లండ్ తీరంలోని డోవర్ చేరాడు. దిగడంలో చక్రాలు, ప్రొపెల్లర్ విరిగాయి. రెండు రోజులకు లాథమ్ మళ్లీ బయల్దేరి, డోవర్ కనుచూపు దూరంలో నీళ్లలో పడ్డాడు.

ఛానెల్‌కైతే నా ఓటు బ్లెరియోకే. పోటీ ఎత్తులదైతే మాట మార్చుకుంటాను: 1910 జనవరిలో తొలిసారి 1,000 మీటర్లు అందుకున్నది లాథమే, అదీ ఆంత్వానెత్ మీదే.