టమాటా తినని లోలా, తినమని అడగని చార్లీ: ఒక బొమ్మల పుస్తకం టీవీకి ఎక్కిన తీరు

లోలాకి నాలుగేళ్ళు. బఠాణీలు తినదు, క్యారెట్ తినదు, బంగాళాదుంప తినదు. పుట్టగొడుగులు, క్యాబేజీ, అరటిపండు వద్దు. అన్నం కూడా పెద్దగా ఇష్టం లేదట. టమాటా మాట అసలు ఎత్తకూడదు. ఈ పిల్లకి రాత్రి భోజనం పెట్టే పని అమ్మానాన్నలు ఏడేళ్ళ అన్న చార్లీకి అప్పజెప్పారు. లారెన్ చైల్డ్ రాసి, బొమ్మలు వేసిన 'ఐ విల్ నాట్ ఎవర్ నెవర్ ఈట్ ఎ టొమాటో' కథంతా ఇదే. 2000లో వచ్చిన ఈ పుస్తకానికి బ్రిటన్‌లో పిల్లల పుస్తకాల బొమ్మలకిచ్చే కేట్ గ్రీన్‌అవే పతకం దక్కింది. టైగర్ యాస్పెక్ట్ సంస్థ దీన్ని 'చార్లీ అండ్ లోలా' పేరుతో కార్టూన్ సిరీస్‌గా తీసింది. 2005 నవంబరులో బీబీసీ వారి చిన్నపిల్లల ఛానెల్ సీబీబీస్‌లో మొదలై 2008 దాకా మూడు సిరీస్‌లుగా వచ్చింది. సిరీస్‌కి 26 చొప్పున 78 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 11 నిమిషాలు, ఇవి కాక రెండు ప్రత్యేక ఎపిసోడ్లు. మూడు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లల కోసం బొమ్మల పుస్తకాల నుంచి తీసిన సిరీస్‌లలో ఇంత శ్రద్ధగా తీసినవి చాలా తక్కువ.

ముందు టమాటా ఎపిసోడ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా సిరీస్‌కి పునాది అక్కడే పడింది. చార్లీ చెల్లెలితో వాదించడు. 'నువ్వు చెప్పినవేవీ ఇవాళ లేవు' అంటాడు. 'మరి అక్కడ క్యారెట్లు ఉన్నాయేం?' అని లోలా నిలదీస్తే, అవి క్యారెట్లు కావనీ, బృహస్పతి గ్రహం నుంచి వచ్చిన నారింజ రంగు పుల్లలనీ చెబుతాడు. లోలా ఒకటి కొరికి చూస్తుంది. బాగానే ఉందని ఇంకోటి కొరుకుతుంది. బఠాణీలు గ్రీన్‌లాండ్‌లో ఆకాశం నుంచి రాలే ఆకుపచ్చ చినుకులవుతాయి. బంగాళాదుంప ముద్ద ఫ్యూజీ పర్వతం కొస మీది మబ్బు తునక. ఫిష్ ఫింగర్లు సముద్రం అడుగున సూపర్ మార్కెట్లో మత్స్యకన్యలు కొనుక్కునే చిరుతిండి. ఇంతవరకూ ఇలాంటి ఎత్తు ఎవరైనా వేస్తారు. అసలు గొప్పతనం చివర్లో ఉంది. అన్న ఏమీ అనకముందే లోలా టమాటాల వైపు వేలు చూపించి అవి కావాలంటుంది. వాటికి 'మూన్‌స్క్వర్టర్లు' అని తానే పేరు పెడుతుంది. 'అవి టమాటాలనుకున్నావా ఏంటి?' అని అన్ననే అడుగుతుంది. ఆ పిల్లకి మొదటి నుంచీ అంతా తెలుసు. ఆట అని తెలిసే ఆడింది. పసిపిల్లని ఏమార్చి తినిపించడం ఇక్కడ జరగలేదు. తన పంతం చెడకుండా మనసు మార్చుకునే దారి దొరికింది, అంతే.

ఇది చూసి ఇంట్లో ప్రయత్నించే తల్లిదండ్రులకి సాధారణంగా ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పాలి. 'బెండకాయ కాదమ్మా, ఇది చాక్లెట్' అంటే ఒక్క ముద్దతో ఆట ముగిసిపోతుంది, ఎందుకంటే రుచి అబద్ధాన్ని పట్టిస్తుంది. చార్లీ ఎప్పుడూ రుచి గురించి చెప్పడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు తింటారో చెబుతాడు. గోరుచిక్కుడు నల్లమల పెద్దపులి గోళ్ళు కావచ్చు, సొరకాయ ముక్కలు కొల్లేటి కొంగల ఫలహారం కావచ్చు. పేరుతోపాటు ఊరూ, దాన్ని తినే జీవీ ఉండాలి. పళ్ళెంలో రెండు మూడు ముక్కలకి మించి పెట్టకూడదు. చెప్పినవాళ్ళు ముందు తాము తినాలి. పిల్ల ఒకటి తిన్నాక 'చూశావా, బెండకాయ తినేశావ్!' అని చప్పట్లు కొడితే మర్నాటి నుంచి ఈ ఎత్తు పనిచేయదు. చివరి కూరకి పేరు పెట్టే అవకాశం పిల్లకే వదలాలి. పుస్తకంలోనూ, తెరమీదా అదే కీలకం.

బొమ్మల విషయానికొస్తే, లారెన్ చైల్డ్ పేజీ చూసినవాళ్ళెవరికైనా ఇది టీవీకి ఎలా వస్తుందన్న అనుమానం కలుగుతుంది. వణికే పెన్సిల్ గీత, పువ్వుల బట్ట ముక్కలు, గోడ కాగితాలు, నిజమైన వస్తువుల ఫోటోలు కత్తిరించి అంటించిన పేజీలవి. మనుషులు చదునుగా ఉంటారు. మామూలు కార్టూన్‌లా నున్నటి గీతతో, గుండ్రటి నీడలతో తీస్తే ఆ లోకమంతా చెడిపోయేది. దర్శకురాలు కిట్టీ టేలర్ బృందం కట్-అవుట్ దారి పట్టింది. తల, చేతులు, కాళ్ళు విడివిడి ముక్కలుగా తయారుచేసి, కీళ్ళ దగ్గర కలిపి, సెల్‌యాక్షన్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో కదిలించారు. మన తోలుబొమ్మలాటలో కీళ్ళ దగ్గర ముడివేసిన బొమ్మని పుల్లతో ఆడించినట్టే ఇదీను. అందుకే నడక కాస్త గెంతుతున్నట్టు ఉంటుంది, తల తిప్పితే ముఖం ఒక్కసారిగా మారుతుంది. దీన్ని లోపమనుకోనక్కర్లేదు. ముక్కలు అతికించిన బొమ్మ కదిలితే అలాగే కదలాలి. లోలా గౌను మీద డిజైన్లు, నేపథ్యంలో గోడ కాగితం పూలు తెరమీద కూడా బట్టలాగా, కాగితంలాగా కనిపించడానికి కారణం ఈ నిర్ణయమే.

పుస్తకంలో ఉండి టీవీలో పోయినది ఒకటుంది. అచ్చులో అక్షరాలు నిలకడగా ఉండవు. వంకర్లు పోతాయి, పెద్దవవుతాయి, పళ్ళెం చుట్టూ తిరుగుతాయి. పైకి చదివే అమ్మకో నాన్నకో ఎక్కడ గొంతు పెంచాలో అవే చెబుతాయి. తెరమీద ఆ పని పిల్లల గొంతులకి అప్పజెప్పారు. పెద్దవాళ్ళు పిల్లల గొంతు అనుకరించడం ఇందులో లేదు, మాట్లాడింది నిజంగా పిల్లలే. వాక్యం మధ్యలో ఊపిరి అందక ఆగడం, మాట మింగేయడం, అనవసరమైన చోట ఒత్తి పలకడం అలాగే ఉంచేశారు. పిల్లలు పెరిగితే గొంతు మారుతుంది కాబట్టి తర్వాతి సిరీస్‌లలో పలికినవాళ్ళు మారారు. వరసగా చూసే పిల్లలు 'లోలా గొంతు వేరేగా ఉంది' అని పసిగడతారు. అది మీ టీవీ లోపం కాదు.

ఇంకో మంచి నిర్ణయం, అమ్మానాన్నలు ఒక్కసారి కూడా తెరమీదకి రారు. వాళ్ళ ప్రస్తావన ఉంటుంది, వాళ్ళు పనులు చెబుతారు, అంతే. వాళ్ళు కనిపించి ఉంటే ప్రతి గొడవా వాళ్ళ తీర్పుతో ముగిసేది. వాళ్ళు లేరు కాబట్టి అన్నాచెల్లెళ్ళే తేల్చుకోవాలి. తోడుగా చార్లీ స్నేహితుడు మార్వ్, మార్వ్ కుక్క సిజిల్స్, లోలా స్నేహితురాలు లొట్టా ఉంటారు. లోలాకి మాత్రమే కనిపించే ఊహా మిత్రుడు సోరెన్ లోరెన్సన్ కూడా ఉన్నాడు. అతన్ని రంగులేకుండా, వెనకనున్నది కనిపించేలా గీశారు. మూడేళ్ళ పిల్లలు కూడా 'ఈ అబ్బాయి నిజం కాదు' అని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు.

లోపాలూ ఉన్నాయి. లోలా మొండికేస్తుంది, చార్లీ ఉపాయం ఆలోచిస్తాడు, ఇద్దరూ ఊహల్లోకి వెళ్తారు, లోలా ఒప్పుకుంటుంది. ఈ చట్రం ఒక ఎపిసోడ్‌లో ముచ్చటగా ఉంటుంది, వరసగా నాలుగు చూస్తే బయటపడిపోతుంది. రోజుకి రెండు, అంటే 22 నిమిషాలు, సరిపోతాయి. అంతకన్నా ఇబ్బంది చార్లీతో వస్తుంది. అతని సహనానికి హద్దులేదు, ఏడేళ్ళ పిల్లవాడు నిత్యం అలా ఉండలేడు. మన ఇళ్ళలో 'నువ్వు పెద్దవాడివి కదా, సర్దుకో' అనే మాట ముందే ఎక్కువ. దానికి తోడు 'చూడు, చార్లీ చెల్లెల్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో' అంటే పెద్దపిల్లలకి ఈ కార్టూన్ మీద అసహ్యం పుడుతుంది, చిన్నవాళ్ళ మీద కోపం పెరుగుతుంది. ఆ మాట అనకండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో 'ఇట్ వాజంట్ మీ' ఎపిసోడ్‌తో మొదలుపెట్టడం మంచిది. చార్లీ ముట్టుకోవద్దన్న రాకెట్‌ని లోలా పాడుచేసి, నేరం సోరెన్ లోరెన్సన్ మీదకి తోసేస్తుంది. చార్లీకి నిజంగానే కోపం వస్తుంది. ఇంట్లో పెద్దపిల్లలకి అది చూస్తే తమ పక్షాన ఒకడున్నాడనిపిస్తుంది.

ఏ ఎపిసోడ్ ఎప్పుడు చూపించాలన్నది కూడా ముఖ్యమే. నిద్రకి సంబంధించిన కథ 2001లో వచ్చిన రెండో పుస్తకం నుంచి తీసుకున్నది. పడుకోకుండా ఉండటానికి లోలా దగ్గర సాకుల గని ఉంది. తన పాలు పులులు తాగేస్తాయట, తన బ్రష్‌తో సింహం పళ్ళు తోముకుంటోందట, స్నానాల తొట్టిలో తిమింగలం ఉందట. ఇది పడుకునే ముందు చూపిస్తే మీ ఇంట్లో కూడా ఆ రాత్రి పులులొస్తాయి. సాయంత్రం ఆటల వేళ చూపించండి. పడుకునే వేళకి తిమింగలాన్ని పంపేసే పని మీదే.

బడికి పంపే ముందు 'ఐ యామ్ టూ యాబ్సల్యూట్‌లీ స్మాల్ ఫర్ స్కూల్' కథ పనికొస్తుంది. దీనికి ఆధారం 2003లో వచ్చిన పుస్తకం. పది దాకా లెక్క వస్తే చాలంటుంది లోలా, ఎందుకంటే తానెప్పుడూ ఒకేసారి పది బిస్కెట్లకి మించి తినదట. పదకొండు ఏనుగులొచ్చి బిస్కెట్లు అడిగితే ఏం చేస్తావని చార్లీ అడుగుతాడు. బడి మొదలయ్యే ముందు వారంలో చూపించడం మేలు. మొదటి రోజు ఏడుపు అయ్యాక చూపిస్తే పిల్లలు లోలా మాటలనే సాకులుగా అప్పజెబుతారు.

ఊగే పన్ను ఎపిసోడ్‌కి చిన్న ముందుమాట కావాలి. పన్ను తలగడ కింద పెడితే రాత్రి టూత్ ఫెయిరీ వచ్చి నాణెం పెట్టి పోతుందన్నది అక్కడి ఆచారం. మన దగ్గర చాలా ఇళ్ళలో ఊడిన పాలపన్ను ఇంటికప్పు మీదకి విసురుతారు. రెండూ ముందే చెప్పకపోతే, లోలా పన్ను పోగొట్టుకుని ఎందుకంత దిగులుపడుతుందో పిల్లలకి అర్థం కాదు. గ్రంథాలయం ఎపిసోడ్‌కి ఏ ముందుమాటా అక్కర్లేదు. తనకిష్టమైన పురుగుల పుస్తకాన్ని వేరేవాళ్ళు తీసుకున్నారని లోలా గగ్గోలు పెడుతుంది, చివరికి చిరుతల పుస్తకం పట్టుకుని ఇంటికెళ్తుంది. చదివిందే చదివించుకునే పిల్లలున్న ఇంట్లో ఇది తప్పక చూపించాలి. మంచు ఎపిసోడ్ మన పిల్లల్లో చాలామందికి కొత్త లోకం. రోజూ మంచు పడితే ఎలా ఉంటుందో చూపించడానికి చార్లీ చెల్లెల్ని ఊహల్లో ఎప్పుడూ మంచుండే చోటికి తీసుకెళ్తాడు.

భాష గురించి రెండు మాటలు. ఇంగ్లీషు అలవాటవుతుందని ఈ సిరీస్ పెట్టే తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది, లోలా ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం నడవదు. వద్దనే మాట ఒకే వాక్యంలో రెండు మూడుసార్లు అంటుంది, 'కంప్లీట్‌లీ', 'ఎక్స్‌ట్రీమ్‌లీ' ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తుంది. పిల్లలు ముందు పట్టుకునేది వాటినే. దిద్దకండి, కొన్నాళ్ళకి వాటంతటవే పోతాయి. చార్లీ వాక్యాలు మాత్రం శుభ్రంగా, పొట్టిగా ఉంటాయి. కథ తిరిగి చెప్పమని అడిగేటప్పుడు 'చార్లీ ఏమన్నాడు?' అని అడిగితే సరైన వాక్యాలు నోటికొస్తాయి. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో పెరిగే తెలుగు పిల్లలకి ఈ ఉచ్చారణ బడిలో వినేదే. అమెరికన్ కార్టూన్లకి అలవాటుపడిన విజయవాడ, హైదరాబాద్ పిల్లలకి మొదట్లో సగం మాటలు జారిపోతాయి. కథ ముందు తెలుగులో రెండు నిమిషాలు చెప్పి, ఆ తర్వాత పెడితే ఇబ్బంది ఉండదు.

పుస్తకాలు కొనేటప్పుడు జాగ్రత్త పడాలి. చార్లీ, లోలా బొమ్మలున్న పుస్తకాలు డజన్లకొద్దీ ఉన్నాయి కానీ, అన్నీ లారెన్ చైల్డ్ రాసినవి కావు. టమాటా, నిద్ర, బడి పుస్తకాలు మూడూ, 2010లో వచ్చిన 'స్లైట్‌లీ ఇన్‌విజిబుల్', 2015 నాటి 'వన్ థింగ్' ఆమె స్వయంగా రాసి గీసినవి. మిగతావాటిలో ఎక్కువ భాగం టీవీ స్క్రిప్టుల నుంచి, టీవీ బొమ్మలతో చేసినవి. అట్ట మీద పాత్రల సృష్టికర్తగా మాత్రమే ఆమె పేరుంటే అది టీవీ పుస్తకమని అర్థం. బ్రిటన్‌లో మొదటి మూడూ ఆర్చర్డ్ బుక్స్ వేసింది, టీవీ పుస్తకాలు పఫిన్ వేసింది. కాబట్టి ప్రచురణకర్త పేరు చూసినా తేడా తెలుస్తుంది. పైకి చదివి వినిపించడానికి మొదటి రకమే కొనండి, అక్షరాల ఆట, అతుకుల అందం వాటిలోనే ఉంది. టీవీ పుస్తకాల్లో వాక్యాలు సాదాగా ఉంటాయి. సొంతంగా చదవడం మొదలుపెట్టిన ఆరేళ్ళ పిల్లలకి, ఎపిసోడ్ ముందే చూసి ఉంటే, అవి బాగా పనికొస్తాయి.

విదేశాల్లో ఉన్న బంధువులు డీవీడీలు పంపుతామంటే రీజియన్ సంఖ్య, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె, అడగండి. బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, అమెరికావి 1, ఇండియా ప్లేయర్లు 5. అన్ని రీజియన్లనీ ఆడించే ప్లేయర్ ఇంట్లో లేకపోతే డిస్కు తెరుచుకోదు. ఇక ఊరూపేరూ లేని ఛానెళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టే వీడియోలతో ఒక చిక్కుంది. అనుమతి లేకుండా పెట్టినవని పట్టుబడకుండా బొమ్మని అద్దంలోలా తిప్పేస్తారు, అంచులు కోసేస్తారు, గొంతు వేగం మారుస్తారు. గొంతులే ప్రాణమైన సిరీస్‌లో వేగం పెరిగితే లోలా మాట కీచుగా వినిపిస్తుంది. మొదట్లో సిరీస్ పేరు చూపించే చోట అక్షరాలు తిరగబడి ఉంటే అక్కడే ఆపేసి, అధికారికంగా పెట్టినది వెతకండి.